మిలటరీ కుటుంబాలు – కంటోన్మెంటు కాపురం
(సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడు ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పెళ్ళిళ్ళ దుబారా గురించి మాట్లాడుకుంటున్నాము. ఈసారి నిర్వాహకులు మాకు అప్పగించిన విషయం వేరు. ఫౌజులో ఉన్న మన పిల్లలు భార్యాబిడ్డలను కంటోన్మెంటుకు తీసుకుపోయేటప్పుడు ఆ ఇంటివారు ముందుగా ఏమేమి తెలుసుకోవాలి అన్నది. ఇందులో చెప్పేదేముంది, పెట్టె సర్దుకొని పోవడమే కదా అని కొందరు అనుకోవచ్చు. కాని ఒక ఆడకూతురు ఊరుగాని ఊరు పోయి, భర్త సరిహద్దుకు వెళ్ళిన తరువాత ఇద్దరు పిల్లలతో ఒక్కతే నెట్టుకురావలసిన రోజు వస్తుంది. ఆ రోజు ఆమెకు ఆసరాగా నిలిచేవి రెండే. ఒకటి సరిగ్గా ఉన్న కాగితాలు, రెండు తన పని తాను చేసుకోగల ధైర్యం. మేము చెప్పదలచుకున్నదంతా ఈ రెండింటి గురించే.

మనకు అన్నిటికంటె దగ్గరి కంటోన్మెంటు సికింద్రాబాదు. 1798లో నిజాముకు, కంపెనీవారికి కుదిరిన ఒడంబడిక మీద ఇంగ్లీషు పటాలాలు హుస్సేన్ సాగరుకు ఉత్తరాన దిగినవి. 1806లో ఆ పటాలపు ఊరికి సికిందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. బొల్లారంలో నిజాము ఖర్చు మీద నడిచే హైదరాబాదు కంటింజెంటు ఉండేది. అది 1903లో భారత సైన్యంలో కలిసిపోయింది. నేడు తిరుమలగిరి వైపు ఇ.ఎం.ఇ. సెంటరు, ఏ.ఓ.సి. సెంటరు, మిలటరీ హాస్పిటలు ఉన్నాయి. గోలకొండ దగ్గర ఆర్టిలరీ సెంటరు ఉంది.

కామారెడ్డి స్టేషనులో సికింద్రాబాదు బండి ఎక్కినవారు బొల్లారం, అల్వాల్, కావల్రీ బ్యారక్స్, అమ్ముగూడ, రామకిష్టాపురం గేటు దాటుకుంటూ పోతారు. ఆ పేర్లను బట్టే అది పటాలాల నడుమనుంచి పోయే దారి అని తెలుస్తుంది. ప్యాసింజరు బండ్లు ఈ చిన్న స్టేషన్లలో ఆగుతాయిగాని ఎక్స్‌ప్రెస్సులు అన్నిటా ఆగవు. బస్సులో పోయేవారు దిగే జూబ్లీ బస్ స్టేషను కూడా కంటోన్మెంటు పక్కనే. ఎల్లారెడ్డి వారికి రైలు లేదు కాబట్టి కామారెడ్డి వచ్చి బండి ఎక్కాలి, లేదా మెదక్ మీదుగా రోడ్డు పట్టాలి. సామాను, చంటిపిల్లలు వెంట ఉన్నప్పుడు ఏ బండి ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కొని బయలుదేరడం మంచిది.

అందరికీ సికింద్రాబాదే పోస్టింగు రాదు. జమ్మూ కావచ్చు, అస్సాం కావచ్చు, రాజస్థాన్ కావచ్చు. ఊరు మారినా పద్ధతి ఒక్కటే గనుక దగ్గరి ఊరినే ఉదాహరణగా పెట్టుకొని చెబుతున్నాము.

మొదటగా గ్రహించవలసినది, కంటోన్మెంటు కాపురం శాశ్వతం కాదు. ఫౌజులో పీస్ అని, ఫీల్డ్ అని రెండు రకాల పోస్టింగులు ఉంటాయి. పీస్ స్టేషనులో ఉన్నప్పుడే కుటుంబాన్ని వెంట పెట్టుకునే వీలు. అది సుమారు రెండు మూడేళ్ళ ముచ్చట. ఆ తరువాత అతను ఫీల్డుకు పోవలసిందే. అప్పుడు భార్యాబిడ్డలు ఊరికి తిరిగి రావచ్చు, లేదా వేరుగా ఉండే కుటుంబాల కోసం కొన్ని స్టేషన్లలో ఇచ్చే క్వార్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం ఉందని తెలియక పిల్లల చదువు నడి సంవత్సరంలో ఆపి ఊరికి తెచ్చినవారు మన ప్రాంతంలో ఉన్నారు. ఫీల్డు ఆర్డరు వచ్చిన వెంటనే యూనిట్‌లోను, స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లోను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

కొన్ని ఇళ్ళల్లో అత్తగారు, "కోడలు పోతే మమ్మల్ని ఎవరు చూస్తారు" అంటారు. ఆ బాధ అబద్ధం కాదు. కాని అమ్మా, ఆలుమగలు ఒక్కచోట ఉండే కాలం ఫౌజీ బతుకులో చాలా కొద్ది. ఆ కొద్ది కాలమైనా వాళ్ళను కలిసి ఉండనివ్వండి. తల్లిదండ్రులు కొడుకు మీద ఆధారపడినవారైతే, ఆదాయ పరిమితికి లోబడి వారికి కూడా మిలటరీ ఆసుపత్రి వైద్యం ఉంటుంది. అది కూడా పేరు రికార్డుకు ఎక్కితేనే.

ఇక కాగితాల సంగతి. పెళ్ళి ఖాజీగారి ముందు అయింది, ఊరంతా చూసింది, కనుక భార్య భార్యే అని మనం అనుకుంటాము. ఫౌజు లెక్క వేరు. పెళ్ళి జరిగిన సంగతి యూనిట్ వారు పార్టు టూ ఆర్డర్ అనే ఉత్తర్వులో ప్రచురించాలి. అక్కడినుంచి అది రికార్డు ఆఫీసుకు పోయి అతని సర్వీసు రికార్డులో చేరాలి. బిడ్డ పుడితే మళ్ళీ అదే పద్ధతి. ఆ ఆర్డరు లేనంతకాలం క్వార్టరు దగ్గర, ఆసుపత్రి దగ్గర, రేపు ఏదైనా జరిగితే పెన్షను దగ్గర, ఆ భార్య ఎవరో సర్కారుకు తెలియదు.

ఇక్కడ మన ఇళ్ళల్లో వచ్చే పెద్ద చిక్కు పేరు. ఆడపిల్ల పేరు చివర నిఖానామాలో బేగం అని ఉంటుంది, ఆధార్‌లో బీ అని ఉంటుంది, స్కూలు సర్టిఫికెట్లో సుల్తానా అని ఉంటుంది. పిలిచేవారికి ముగ్గురూ ఒక్కరే. గుమాస్తాకు మాత్రం ముగ్గురు వేరు వేరు మనుషులు. మగవారి పేరులో కూడా మహమ్మద్ అన్న మాట ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండక్షరాలుగా పడుతుంది. కావున నిఖా రోజున ఖాజీగారు సియాహా రాసేటప్పుడే ఆధార్ కార్డులు పక్కన పెట్టుకొని అక్షరం అక్షరం సరిచూసుకోవలెనని పెద్దలకు మా విజ్ఞప్తి. తప్పు ఉంటే అప్పుడే దిద్దించడం సులువు. ఇంగ్లీషు సర్టిఫికెట్ కావలసినవారు వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం నుండి తీసుకోవచ్చును. పెళ్ళి రిజిస్ట్రేషను మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం తప్పనిసరి అన్నది కూడా మరువరాదు.

మన ప్రాంతంలోని ఒక ఇంటి సంగతి చెబుతాము. పేరు, ఊరు చెప్పము. ఆ అబ్బాయి భర్తీ అయిన నాడు బ్రహ్మచారి. నామినీ అన్నచోట తల్లి పేరు రాసినాడు, అది ధర్మమే. తరువాత పెళ్ళయింది, ఒక ఆడపిల్ల పుట్టింది. పై సెలవులో కాగితాలు ఇస్తానులే, ఆ పై సెలవులో ఇస్తానులే అనుకుంటూ గడిపినాడు. సెలవు మీద వచ్చినప్పుడే రోడ్డు ప్రమాదంలో పోయినాడు. రికార్డులో తల్లి ఉంది, భార్య లేదు. భార్య పేరు మూడు కాగితాలలో మూడు రకాలు. అత్తా మంచిదే, కోడలూ మంచిదే. అప్పటిదాకా ఒక్క కంచంలో తిన్నవారు. కాగితం వారిని ఎదురు పార్టీలను చేసింది. తహసీలు, కోర్టు, రికార్డు ఆఫీసు అంటూ రెండేళ్ళకు పైగా తిరిగినారు. రావలసినది చివరకు వచ్చింది. రెండిళ్ళ మధ్య పోయిన మాట మాత్రం తిరిగి రాలేదు. ఒక్క పూట పని, ఒక్క దరఖాస్తు, ఆ రెండేళ్ళను తప్పించి ఉండేది. అందుకే పెళ్ళయిన ప్రతి ఫౌజీకి మేము చెప్పేదేమంటే, బాబూ, పార్టు టూ ఆర్డరు అయిందా, నామినీ మార్చినావా, నీ భాగం తల్లికెంత, భార్యకెంత అన్నది నీవు బతికుండగానే నీ నోటితో ఇద్దరికీ చెప్పినావా.

ఊరు వదిలే ముందు ఇక్కడే తీసుకోవలసిన కాగితాలు మరికొన్ని ఉన్నాయి. పిల్లల జనన ధృవపత్రం, చదివిన బడి నుండి టి.సి., స్టడీ సర్టిఫికెట్లు, నివాస ధృవపత్రం, అర్హత ఉన్నవారికి బి.సి.–ఇ సర్టిఫికెట్. 2007 చట్టం కింద మనలో వెనుకబడినవారికి 4 శాతం ఇచ్చిన ఈ సర్టిఫికెట్ సొంత ఊరి తహసీలులోనే తీసుకోవాలి. అస్సాంలో కూర్చుంటే ఎవరూ ఇవ్వరు. పెద్ద చదువులకు లోకల్ అభ్యర్థి అనిపించుకోవడానికి ఏ తరగతి ఎక్కడ చదివినాడన్నది చూస్తారు. కనుక ప్రతి బడి సర్టిఫికెట్టును బంగారంలాగ దాచుకోవాలి. ఇంజనీరింగు వంటి సీట్లలో సైనికుల పిల్లలకు వేరే కోటా ఉన్నది. దరఖాస్తు వేళకు కాగితం చేతిలో లేక ఆ సీటు పోగొట్టుకోకూడదు.

మన ఆచారం ప్రకారం తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. రావడంలో తప్పులేదు. అయితే బిడ్డ పుట్టిన 21 రోజులలోపల మున్సిపాలిటీలోనో, పంచాయతీలోనో జననం రాయించి, తల్లిదండ్రుల పేర్లు ఫౌజు రికార్డులో ఉన్నట్టే పడినవో లేదో చూసి, నకలు అల్లుడికి పంపే బాధ్యత పుట్టింటివారిది. అల్లుడు దానితో పార్టు టూ ఆర్డరు చేయించుకుంటాడు.

ఇక క్వార్టరు. పోస్టింగు రాగానే ఇల్లు సిద్ధంగా ఉంటుందని అనుకోవద్దు. స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో పేరు రాయించుకొని వరుస కోసం కాచుకోవాలి. అంతవరకు అనుమతి తీసుకొని బయట అద్దెకు ఉండవచ్చు, ఇంటి అద్దె భత్యం వస్తుంది. సికింద్రాబాదులో మనవారు అల్వాల్, లోతుకుంట, యాప్రాల్, నేరేడ్‌మెట్ వైపు, గోలకొండ యూనిట్ల వారు లంగర్‌హౌస్, టోలిచౌకి వైపు ఇళ్ళు చూసుకుంటారు. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. క్వార్టరు దొరికిన రోజున లోపల ఉన్న సామాను, పగుళ్ళు, విరిగిన కిటికీలు అన్నీ జాబితాలో రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు అదే జాబితాతో లెక్క చూస్తారు, తక్కువైనదానికి జీతంలో కోత పడుతుంది. నల్లా, కరెంటు మరమ్మతులు ఎం.ఇ.ఎస్. వారివి. ఫిర్యాదు పుస్తకంలో రాస్తేనే పని అవుతుంది.

కంటోన్మెంటు మామూలు బస్తీ కాదు. గేటు ఉంటుంది, సంత్రీ ఉంటాడు, కార్డు అడుగుతాడు. డిపెండెంట్ కార్డు ఎప్పుడూ వెంట ఉండాలి. పరదా పాటించే మన ఆడవారు గేటు దగ్గర ముఖం పోల్చుకోవాలన్నప్పుడు కలవరపడవద్దు. మహిళా సిబ్బంది ఉన్నారా అని మర్యాదగా అడగండి. ఇది అవమానం కాదు, గేటు నియమం. ఊరి నుండి చుట్టాలు పదిమంది ఒక్కసారి జీపు కట్టించుకొని దిగే అలవాటు కూడా తగ్గించుకోవాలి. వచ్చేవారి పేర్లు, ఆధార్ నంబర్లు ముందుగా పంపితే కొడుక్కు తలవంపులు ఉండవు. కొన్ని దారులు భద్రత కోసం మూసివేయడం, దానిమీద బస్తీలవారు గోల పెట్టడం సికింద్రాబాదులో ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. 2018లో ఢిల్లీ నుండి దారులు తెరవమని ఉత్తర్వులు వచ్చిన తరువాత కూడా ఆ తగాదా సమసిపోలేదు. కాబట్టి బడి, ఆసుపత్రి, బజారులకు రెండో దారి ఏదో మొదటి వారంలోనే చూసుకోండి.

ఫోను విషయంలో మరీ జాగ్రత్త. భర్త యూనిట్ ఎటు కదులుతున్నది, ఏ రైలు, ఏ తేదీ అన్నది చుట్టాల గ్రూపులో రాయరాదు. గేటు లోపల ఫోటోలు తీసి పెట్టరాదు. తెలియని నంబరు నుండి ఆఫీసు మాట మాట్లాడుతూ వివరాలు అడిగితే చెప్పకుండా పెట్టేయాలి. ఇంకొక మాట, క్యాంటీన్ కార్డు. "మిలటరీ సరుకు చవక, నాకొకటి తీసి పెట్టు" అని ఊరంతా అడుగుతారు. ఆ కార్డు ఇతరులకు ఇవ్వడం, సరుకు అమ్ముకోవడం నేరం. అల్లుడి నౌకరీని ఒక మిక్సీ కోసం పణం పెట్టకండి.

పిల్లల బడి గురించి. 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలైనప్పుడు తొలి 20 బడులు పటాలాల బడులే. ఇవి బదిలీలు అయ్యే ఉద్యోగుల పిల్లల కోసం పుట్టినవి. తిరుమలగిరిలో, బొల్లారంలో, పికెట్‌లో ఇవి ఉన్నాయి. ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళు వేరే ఉన్నాయి. ఒక కేంద్రీయ విద్యాలయం నుండి మరొకదానికి మారడం సులువు, పాఠాలు ఒక్కటే గనుక. మన పిల్లలకు వచ్చే ఇబ్బంది ఏమంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగో ఉర్దూవో చదివి ఉంటారు. అక్కడ హిందీ. వింటే అంతా అర్థమవుతుంది, రాయబోతే ఒక్క అక్షరం రాదు. టీచరు వీడికి భాష వచ్చుననుకుంటుంది, వీడు రాయలేక మొద్దు అనిపించుకుంటాడు. కనుక పోయే ముందు రెండు మూడు నెలలు హిందీ అక్షరాలు, గుణింతాలు దిద్దించండి. అదే సమయంలో ఇంట్లో తెలుగు రాయడం, ఉర్దూ చదవడం మాన్పించవద్దు. తిరిగి వచ్చేది ఈ ఊరికే కదా.

వైద్యానికి తిరుమలగిరి మిలటరీ హాస్పిటలు. గర్భిణులు తొలి నెలల్లోనే అక్కడ పేరు రాయించుకోవాలి. ముందుగా అక్కడ చూపించి, వారు రాసి పంపితే తప్ప ప్రైవేటు దవాఖానాలో పెట్టిన ఖర్చు తిరిగి రావడం కష్టం. ప్రాణం మీదికి వస్తే దగ్గరి దవాఖానాకే పరుగెత్తండి. కాని వెంటనే మిలటరీ హాస్పిటలుకు, యూనిట్‌కు కబురు చేయండి.

కొత్తచోట ఒంటరితనం కూడా జబ్బే. యూనిట్‌లో ఆడవారి సమావేశాలు, కుట్టుపని, కంప్యూటరు నేర్పే కేంద్రాలు ఉంటాయి. 1966లో మొదలైన 'ఆవా' సంస్థ వాటిని చూస్తుంది. వెళ్ళి కూర్చోండి. తమిళ, పంజాబీ, గూర్ఖా ఆడవారు మీలాగే వచ్చినవారే. కష్టం వచ్చిన రాత్రి తలుపు తట్టగలిగేది వారినే. ప్రార్థన సంగతి ఏమిటని పెద్దలు అడుగుతారు. ఫౌజులో పండితుడు, గ్రంథి, పాదిరితో పాటు మౌల్వీ పదవి కూడా ఉన్నది. అన్ని మతాలవారు ఒక్క కప్పు కింద ప్రార్థించుకునే స్థలాలు ఉన్నాయి. దిగులు అవసరం లేదు. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ ఈ ఫౌజువాడే. ఆ పతకాన్ని రాష్ట్రపతి చేతులమీదుగా అందుకున్నది ఆయన భార్య రసూలన్ బీబీ.

ఊళ్ళో వదిలి వచ్చిన ఇల్లు, పొలం సంగతి. నిజాంసాగర్ కింద రెండెకరాలు ఉన్నా అది వదిలిన సొత్తు కాకూడదు. పట్టాదారు పాసుపుస్తకం, 2025లో వచ్చిన భూభారతిలో పేరు, విస్తీర్ణం సరిచూసుకొని పోండి. సరిహద్దు తగాదా వస్తే యూనిట్ కమాండింగ్ అధికారి జిల్లా కలెక్టరుకు ఉత్తరం రాస్తారు. ప్రత్యేక పరిస్థితులలో పనిచేసే సైనికుడు కోర్టుకు రాలేనప్పుడు అతనికి రక్షణగా 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం నేటికీ ఉన్నది. కామారెడ్డి 2016లో జిల్లా అయినా, సైనిక సంక్షేమం పనులకు నిజామాబాదులోని కార్యాలయానికి పోవడం మనవారికి అలవాటే. ఇంట్లో ఉన్న ముసలివారికి ఆ చోటు ఒకసారి చూపించి పెట్టండి. ఓటు సంగతి కూడా మరువకండి. సైనికుడు సొంత ఊళ్ళో సర్వీసు ఓటరుగా చేరవచ్చు, అతనితో కలిసి ఉండే భార్య కూడా చేరవచ్చు.

2022 నుండి అగ్నివీరులుగా పోయిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ సభలో ఉండవచ్చును. వారి నౌకరీ 4 సంవత్సరాలు. పెళ్ళికానివారినే తీసుకుంటారు. ఆ తరువాత 25 శాతం వరకే నిలుపుకుంటారు. నాలుగేళ్ళకు బయటికి వచ్చినవారికి పెన్షను లేదు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉన్నది. అందుకని నౌకరీ వచ్చింది గదా అని వెంటనే సంబంధాలు చూడకండి. నామినీ పేరు సరిగా ఉన్నదా, తరువాతి చదువుకు ఏమి చేస్తాడు అన్నది చూడండి.

ఇక చివరిది, మా లెక్కలో అన్నిటికంటె ముఖ్యమైనది. భర్త ఫీల్డుకు పోయిన తరువాత ఆమె చేతికి డబ్బు అందాలి, ఆమె మాట యూనిట్‌కు చేరాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరున ఉండాలి. ఫోను నంబరు ఆమెదే ఉండాలి, మరిదిదో బావదో కాదు. ఏటీఎంకు ఆమె ఒక్కతే పోయి రాగలగాలి. కార్డు తెచ్చి అత్తగారికిచ్చి, నెలకు వెయ్యి రూపాయలు చేతిలో పెడితే అది సంసారం అనిపించుకోదు. మగవారికి కోపం వచ్చినా సరే ఈ మాట చెప్పక తప్పదు.

ప్రతి ఫౌజీ భార్య, ప్రతి ఫౌజీ తల్లి కూడా ఐదు విషయాలు కంఠస్థం చేయాలి. అతని ఆర్మీ నంబరు, ర్యాంకు, రికార్డులో ఉన్నట్టుగా పూర్తి పేరు, యూనిట్ పేరుతో 56 ఏ.పీ.ఓ. లేదా 99 ఏ.పీ.ఓ. అన్న చిరునామా, రికార్డు ఆఫీసు ఉన్న ఊరు. ఇ.ఎం.ఇ. వారిది, ఏ.ఓ.సి. వారిది సికింద్రాబాదే. ఆర్టిలరీ వారిది నాసిక్ రోడ్డు, సిగ్నల్స్ వారిది జబల్పూరు. ఈ ఐదు తెలిసిన ఆడమనిషి దేశంలో ఏ ఆఫీసుకు పోయినా తన సంగతి తాను చెప్పుకోగలదు. ఇవి తెలియకపోతే ఎంత ఏడ్చినా గుమాస్తా ఫైలు తీయలేడు.

ఈ సభ అయిన తరువాత కాగితాల సాయం కావలసినవారు మా దగ్గర ఆగండి. దరఖాస్తు రాసిపెడతాము, పేర్లు సరిచూస్తాము, అవసరమైతే నిజామాబాదు దాకా వెంట వస్తాము. దీనికి రుసుము లేదు. ఇళ్ళకు పోయిన తరువాత నిఖానామా, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఒక్కచోట పరచి పేర్లు కలుస్తున్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి. కలవకపోతే రేపే మొదలుపెట్టండి.